కొత్త మోడల్‌లో ఏమి తీసేశారో ముందు చూడు

చిరంజీవి శ్రావణికి,
మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ల్యాప్‌టాప్‌ల వివరాలూ చూశాను. ఒకటి నిరుటి మోడల్, ఇంకొకటి ఈ మధ్యే వచ్చింది, ధరలో ఆరు వేల తేడా. ‘కొత్త జనరేషన్ ఉండగా పాతదెందుకు మేడమ్’ అని దుకాణదారు అన్నాడని రాశావు. అనక ఏం చేస్తాడు, అమ్ముకునేవాడు కదా! ఆ ధరల్లో దొరికే యంత్రాలకు ఏటా జరిగే మార్పులు చాలావరకు చిల్లర మార్పులే. ఏమి చేర్చారన్నది పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి అందరికీ కనబడుతుంది. ఏమి తీసేశారన్నది ఎక్కడా రాయరు. నువ్వు వెతకాల్సింది దాన్ని.

ముందు ప్రాసెసర్ సంగతి తేల్చేద్దాం. ఇంటెల్ ఐ5-1235యు తర్వాత ఐ5-1335యు వచ్చింది. పన్నెండో తరం పోయి పదమూడో తరం. రెండింట్లోనూ పది కోర్లే (కోరంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే ఒక్కో భాగం), రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.6కు పెరిగింది. అంటే నిమిషం పట్టే పని, అన్నీ కలిసొస్తే, 57 సెకన్లలో అవుతుంది. ఆ మూడు సెకన్ల కోసమా ఆరు వేలు? 2024లో పేరులోంచి ‘ఐ’ తీసేసి కోర్ 5 120యు అన్నారు. మళ్లీ అవే పది కోర్లు, వేగం 5 గిగాహెర్ట్జ్.

ఏఎమ్‌డీ పేర్లు ఇంకా తిరకాసు. ఏడు వేల వరుసలో మొదటి అంకె మోడల్ ఏడాదిని చెబుతుంది. లోపలి నిర్మాణం ఎప్పటిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యులో మూడో అంకె 2, అంటే జెన్ 2. 2019లో మొదలైన నిర్మాణం, కోర్లు నాలుగే. రైజెన్ 5 7530యులో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటి మీదా ‘రైజెన్ 5’ అనే ఉంటుంది. ఇలాంటి చోట ‘కొత్తది’ అన్న మాటకు అర్థమే లేదు.

ప్రాసెసర్ కన్నా నిన్ను ఎక్కువ కాలం కట్టిపడేసేది ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపూ యంత్రం వాడుకునే తాత్కాలిక మెమరీ. అది స్లాటులో పెట్టిందా, బోర్డుకే టంకం వేసిందా అన్నది మొదటి ప్రశ్నగా అడుగు. సన్నగా, తేలికగా చేశామని చెప్పుకునే కొత్త మోడళ్లలో చాలాసార్లు పోయేది ఈ స్లాటే. నేను పైన చెప్పిన 7520యు అయితే ఎల్‌పీడీడీఆర్5 అనే రకం మెమరీతోనే వస్తుంది, దానికి టంకమే గతి. ఎనిమిది జీబీతో కొన్నావా, ఆ యంత్రం ఉన్నన్నాళ్లూ ఎనిమిదే.

దుకాణదారు మాట మీద ఆధారపడనక్కర్లేదు. ప్రదర్శనకు పెట్టిన దాని మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ. కింద ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ అన్న చోట ‘సోడిమ్’ అని ఉంటే విడదీయగలిగే ముక్క, ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే టంకం. ఒక భాగం టంకం వేసి, పక్కన ఒక స్లాటు ఖాళీగా వదిలినవీ ఉంటాయి. అవి ఫరవాలేదు.

ఇదివరకైతే ‘ఎనిమిదితో కొనుక్కో తల్లీ, రెండేళ్ల తర్వాత ఇంకో ఎనిమిది వేసుకుందువు’ అని చెప్పేవాణ్ని. 2025 చివరి నుంచి ఆ లెక్క తప్పింది. మెమరీ తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో ర్యామ్ ధరలు మండిపోయాయి. ఇలాంటప్పుడు కొత్త మోడల్‌లో ధర పెంచినా, ధర అలాగే ఉంచి ర్యామ్ తగ్గించినా ఆశ్చర్యపోకు. పదహారు జీబీతో నిరుటి సరుకు ఎక్కడైనా మిగిలి ఉంటే, నా ఓటు దానికే. సీఏ ఆర్టికల్‌షిప్‌లో నువ్వు తెరిచే ఎక్సెల్ ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబులు, మధ్యలో ఆన్‌లైన్ క్లాసు, వీటికి కావలసింది ర్యామే. రెండు వందల మెగాహెర్ట్జ్ ఎక్కువైనంత మాత్రాన వాటికి ఒరిగేదేమీ లేదు.

పెద్ద కంపెనీలు ఇలా చేయవనుకోకు. ఆపిల్ వారి చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ చరిత్ర చూడు. 2012 మోడల్‌లో నాలుగు కోర్లది ఎంచుకునే వీలుండేది, ర్యామ్ ఎవరికి వారు మార్చుకునేవారు. 2014 అక్టోబరులో కొత్తది వచ్చింది. తరం కొత్తదే, ప్రారంభ ధర కూడా 599 డాలర్ల నుంచి 499కి దిగింది. కానీ నాలుగు కోర్లది ఎత్తేశారు, ర్యామ్‌కు టంకం వేశారు. దాంతో తెలిసినవాళ్లు 2012 నాటి యంత్రాలనే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కున్నారు. 2023లో ఎం2 చిప్‌తో వచ్చినప్పుడు ఇంకో పని చేశారు. 256 జీబీ మోడల్‌లో నిల్వకు రెండు చిప్‌ల బదులు ఒకటే పెట్టారు. ఫైళ్లు చదివే వేగం అంతకుముందున్న ఎం1 దానితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చివరకు 2024 నవంబరులో ఎం4 మినీకి అదే 599 డాలర్లకు ఎనిమిది బదులు పదహారు జీబీ ఇచ్చారు. నన్నడిగితే ఈ వరుసలో సామాన్యుడికి నిజంగా పనికొచ్చిన మార్పుల్లో అదొకటి.

తర్వాత చూడాల్సింది తెర. ధర ఎక్కడ తగ్గించాలన్నా ముందు దీని మీదే పడతారు. వివరాల్లో ‘250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే కాంతి అంతంత మాత్రం, రంగులు వెలవెలబోతాయని అర్థం. ఎర్రటి ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తుంది. లెక్కల పనికి అది చాలు, కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం కళ్లు చికిలించాల్సిందే. టీఎన్ రకం తెర మాత్రం ఎంత చవకైనా వద్దు. మూతను వెనక్కూ ముందుకూ వంచి చూడు, బొమ్మ నల్లబడటమో తెల్లబడటమో జరిగితే అది టీఎన్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లినప్పుడు రెండు మోడళ్లనూ ఒకే ఫొటోతో పక్కపక్కన పెట్టించు.

ఇక చిన్నవి. టైప్-సి ద్వారా ఛార్జింగ్ కొత్తదానిలోనే ఉంటే రెండు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు, ఛార్జరు పాడైతే ఊరంతా తిరగక్కర్లేదు. ఉచితంగా వస్తుందంటున్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్ శాశ్వత లైసెన్సా, ఏడాది చందానా అడుగు. వేలిముద్ర మీటకు నేనైతే పైసా విలువ కట్టను.

బావగారి దుకాణానికి చిన్న డెస్క్‌టాప్ గురించి కూడా అడిగావు. అక్కడ బిల్లింగు, టాలీ, ప్రింటరు, అంతే కదా. ఇంటెల్ ఎన్100 అనే చిన్న ప్రాసెసర్‌తో వచ్చే బుల్లి పెట్టెలు సరిపోతాయి. ఇప్పుడు దాని స్థానంలో ఎన్150 వస్తోంది. కోర్లు అవే నాలుగు, అదే ఆరు వాట్లు, వేగం 3.4 నుంచి 3.6 గిగాహెర్ట్జ్. ఏది చవకగా దొరికితే అది తీసుకోండి. రెండింటిలోనూ మెమరీకి ఒక్క దారే (ఛానల్) ఉంటుంది, మామూలుగా ఒకటే స్లాటు ఉంటుంది. అందుకని మొదట్లోనే సరిపడా ర్యామ్ వేయించాలి. నిల్వ ఈఎంఎంసీ (నెమ్మదైన చవక రకం) అయితే వద్దనండి, ఎస్‌ఎస్‌డీ అయితేనే తీసుకోండి. బావగారి పాత మానిటరుకు వీజీఏ ఒక్కటే ఉన్నట్టు గుర్తు. ఈ పెట్టెల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది, మధ్యలో కన్వర్టరు కావాలి. ల్యాప్‌టాప్‌లా బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే బిల్లు సగంలో ఆగిపోతుంది. చిన్న యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకుని ధర చూడమను.

రీఫర్బిష్ చేసిన, అంటే వాడినవి బాగుచేసి అమ్మే, బ్రాండెడ్ మినీలూ మంచివే, గట్టి సరుకు. ఒక్క షరతు, ఎనిమిదో తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. అంతకన్నా పాతవాటిని మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు అనుమతించదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ‘ఐ5’ అన్న స్టిక్కరు చూపించి ఆరో తరందాన్ని చవకగా అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. జీఎస్‌టీ దాఖలు చేసే కంప్యూటరుకు భద్రతా అప్‌డేట్లు లేకపోతే ఎలా?

నీ రెండు ల్యాప్‌టాప్‌లలో ఏది కొనాలో ఇప్పుడే చెప్పలేను. నువ్వు పంపినవి సిరీస్ పేర్లే. ఒకే పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతారు, ఒకదానిలో స్లాటుంటుంది, ఇంకోదానిలో ఉండదు. పెట్టె పక్కన బార్‌కోడ్ దగ్గర చిన్న అక్షరాల్లో పూర్తి మోడల్ నంబరు ఉంటుంది. రెండింటికీ అది ఫొటో తీసి పంపు. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

అక్కకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య