బీమ్‌ఫార్మింగ్ సిమ్యులేషన్‌లో బాగానే వస్తోంది, హార్డ్‌వేర్‌లో ఎందుకు తప్పుతోంది?

బీమ్‌ఫార్మింగ్ అంటే చాలా యాంటెన్నాల సిగ్నళ్లను, వాటి ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో చెప్పే కోణం) సరిచేసి కలిపి, ఒక దిక్కుకే బలంగా పనిచేయించడం; ఆ బలమైన దిక్కే బీమ్. మీ నాలుగు యాంటెన్నాల బీమ్ సిమ్యులేషన్‌లో అనుకున్న దిక్కుకే తిరుగుతోందనీ, హార్డ్‌వేర్ మీద మాత్రం ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్కో వైపు పోతోందనీ రాశారు. మరి శాటిలైట్ ఫోన్ వ్యవస్థల్లో వందల బీమ్‌లను ఎలా నడుపుతున్నారని అడిగారు. నా ఎం.టెక్ ప్రాజెక్టులో అచ్చం ఇదే జరిగింది.

మాది 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్. ఎదురు బిల్డింగు వాటర్ ట్యాంకు మీద చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, మా డాబా మీద సిగ్నల్ పట్టేవాళ్లం. మూడు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను. రివ్యూ దగ్గర పడుతోందని ఒకటే టెన్షన్. కోడ్‌లో తప్పేమీ లేదు.

నాలుగు రిసీవర్లకూ ఒకే 10 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇచ్చాం కదా, ఫేజ్ కూడా కలుస్తుందనుకున్నాను. క్లాక్ వల్ల కలిసేది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. ఒక్కో రిసీవర్‌లోని పీఎల్ఎల్ (ఆ క్లాక్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ తయారుచేసే సర్క్యూట్) ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక ఫేజ్ దగ్గర లాక్ అవుతుంది. దానికి తోడు కేబుళ్లు. గాలిలో 12.5 సెంటీమీటర్లుండే తరంగం మామూలు కోయాక్సియల్ కేబుల్లో సుమారు 8 సెంటీమీటర్లే ఉంటుంది. అంటే పొడవులో ఒక్క సెంటీమీటరు తేడాకు దాదాపు 44 డిగ్రీలు తప్పుతుంది.

ఒక టోన్‌ను (ఒకే ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను) పవర్ స్ప్లిటర్‌తో నాలుగు చేసి, సమానమైన కేబుళ్లతో అన్ని దారుల్లోకీ పంపాం. మొదటి ఛానల్‌తో పోల్చి మిగతా మూడింటి ఫేజ్, ఆంప్లిట్యూడ్ తేడాలు కొలిచి వెయిట్లలో (కలిపే ముందు ఒక్కో సిగ్నల్‌ను గుణించే సంఖ్యల్లో) సరిచేశాం. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. టోన్‌ను రిసీవర్ దగ్గర కాకుండా, కేబుల్‌కు యాంటెన్నా తగిలించే కొస దగ్గర ఇవ్వండి. లేకపోతే ఆ కేబుళ్ల తేడా లెక్కలోకి రాదు. కొలిచాక రిసీవర్‌ను ఆపకూడదు, మళ్లీ ట్యూన్ చేయకూడదు. ఇంత చేసినా మిట్ట మధ్యాహ్నం ఎండకు ఫేజ్ మెల్లగా జారేది, అందుకే మధ్యమధ్యలో మళ్లీ కొలిచేవాళ్లం.

ఇక ఉపగ్రహాల సంగతి. ఫోన్ యాంటెన్నా జేబులో పట్టాలి కాబట్టి పెద్ద యాంటెన్నా పైనే ఉండాలి. 2000 అక్టోబరులో వెళ్లిన, తురాయా అనే శాటిలైట్ ఫోన్ సంస్థ మొదటి ఉపగ్రహంలో 12.25 మీటర్ల రిఫ్లెక్టర్, దాని ముందు 128 ఫీడ్ ఎలిమెంట్లు (రిఫ్లెక్టర్ మీద పడిన సిగ్నల్‌ను పట్టే చిన్న యాంటెన్నాలు) ఉన్నాయి. బీమ్‌లు 200కు పైనే. 200 బీమ్‌లకూ 128 ఎలిమెంట్లూ వాడితే ఒక్కో శాంపిల్‌కు 25,600 కాంప్లెక్స్ గుణకారాలు. అందుకే ముందు సిగ్నల్‌ను ఫిల్టర్ బ్యాంకుతో సన్నని ఛానళ్లుగా విడదీస్తారు. ఛానల్ సన్నగా ఉంటే ఒక్కో ఎలిమెంటుకు ఒక్క కాంప్లెక్స్ వెయిట్ చాలు, పైగా జనం ఎక్కువ వాడే చోటికి ఛానళ్లను మళ్లించవచ్చు. పోలికకు, 2015 ఆగస్టులో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన జీశాట్-6కు 6 మీటర్ల యాంటెన్నా, దేశానికి ఐదు ఎస్-బ్యాండ్ బీమ్‌లు.

తురాయా, ఇన్‌మార్‌శాట్-4 ఉపగ్రహాలు ఈ లెక్కంతా పైనే చేస్తాయి. 22 మీటర్ల రిఫ్లెక్టర్‌తో 2010లో వెళ్లిన స్కైటెర్రా-1లో బీమ్‌లను తయారుచేసే పని నేల మీది స్టేషన్‌ది. నేల మీదైతే ప్రాసెసర్‌కు కరెంటు, వేడి, రేడియేషన్ బాధ లేదు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. కానీ ప్రతి ఫీడ్ సిగ్నల్‌నూ విడివిడిగా కిందికి తేవాలి. ఫీడర్ లింకుకు (ఉపగ్రహానికీ నేల స్టేషన్‌కూ మధ్య లింకుకు) బ్యాండ్‌విడ్త్ బాగా ఎక్కువ కావాలి, ఆ దారిలో వచ్చే ఫేజ్ తేడాలనూ కాలిబ్రేట్ చేయాలి. నన్నడిగితే, వెయిట్లు ఎక్కడ గుణించినా అసలు పని కాలిబ్రేషనే. ఒక బీమ్ వాడిన ఫ్రీక్వెన్సీనే కాస్త దూరంలోని ఇంకో బీమ్ మళ్లీ వాడుకుంటుంది. ఫేజ్ తప్పితే ఒకదాని సిగ్నల్ రెండోదానిలోకి కారుతుంది.

మీరు కూడా బీమ్ శిఖరం చూసి సరిపోయిందనుకోకండి. 10 డిగ్రీల ఫేజ్ తప్పున్నా శిఖరం తగ్గేది 0.1 డెసిబెల్ మాత్రమే. నల్ (సిగ్నళ్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని దాదాపు ఏమీ అందని దిక్కు) ఎంత లోతుందో చూడండి. అర తరంగదైర్ఘ్యం దూరంలో నాలుగు యాంటెన్నాలు, సమాన వెయిట్లు ఉంటే యాంటెన్నాల వరుసకు లంబంగా ఉండే దిక్కు నుంచి 30 డిగ్రీల దగ్గర నల్ రావాలి. అక్కడ ట్రాన్స్‌మిటర్ పెట్టి కొలవండి. శిఖరం కంటే 20 డెసిబెల్స్ కిందే ఆగిపోతే ఇంకా 10 డిగ్రీల వరకు తప్పుందన్నమాట. ఆ నంబరు ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.