బేస్ గిటారిస్టుల ప్రశ్నలు: డ్రమ్స్ పక్కన 100 వాట్లు చాలతాయా?

ప్రశ్న (విశాఖపట్నం): డ్రమ్స్, రెండు గిటార్లు, బేస్, పాట. మొత్తం ఐదుగురం. కేఫ్‌లలో 50, 60 మంది ముందు వాయిస్తాం. అక్కడుండే చిన్న మైకుసెట్టులో పాట తప్ప ఇంకేమీ పట్టదు. నా 40 వాట్ల కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) ఇంట్లో కిటికీలు అదిరేలా మోగుతుంది, బ్యాండ్‌తో కలిస్తే మాత్రం వినబడదు. షాపులో 100 వాట్లది తీసుకోమంటున్నారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. స్టిక్స్‌తో గట్టిగా వాయించే డ్రమ్మర్ పక్కన, హాలంతటికీ బేస్ వినిపించే భారం మీ ఆంప్ ఒక్కదాని మీదే పడితే 200 వాట్ల దగ్గర మొదలుపెట్టాలి. 300 నుంచి 500 మధ్య ఉంటే నిశ్చింత.

లెక్క ఇలా ఉంటుంది. శక్తి రెండింతలైతే మోత పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే మోతకు కొలత). పదింతలైతే 10. మోత రెట్టింపయిందని మన చెవికి అనిపించేది ఆ 10 పెరిగినప్పుడు. అంటే మీ 40 వాట్ల ఆంప్‌కు రెట్టింపు మోత కావాలంటే, అదే స్పీకర్ మీద 400 వాట్లు కావాలి. 40 నుంచి 100కి మారితే దక్కేది 4 డెసిబెల్స్. పెరిగిందని తెలుస్తుంది కానీ డ్రమ్స్‌ను అందుకునేంత కాదు. పైగా తీగ మీటిన తొలి క్షణంలో వచ్చే దెబ్బకు, తర్వాత సాగే నాదానికి కావాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు శక్తి కావాలి. ఆ దెబ్బకు చోటు మిగల్చకపోతే ఆంప్ క్లిప్ అయి (శక్తి చాలక అల కొసలు తెగి) బేస్ గరగరలాడుతుంది.

ఇక స్పీకర్ సంగతి. వాట్ల అంకె కన్నా ముందు చూడాల్సింది దీన్నే. ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది ఆ స్పీకర్ సెన్సిటివిటీ. 92 ఉన్నదానికి 300 వాట్లు ఇచ్చినా, 97 ఉన్నదానికి 100 వాట్లు ఇచ్చినా మోత దాదాపు ఒక్కటే. కాంబోల మీద చాలా కంపెనీలు ఈ అంకె వేయవు. అప్పుడు కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ కదిలే గరాటు) వైశాల్యాన్ని బట్టి అంచనాకు రావాలి. 10 అంగుళాల స్పీకర్ కోన్ సుమారు 350 చదరపు సెంటీమీటర్లు, 12 అంగుళాలది 530, 15 అంగుళాలది 850. రెండు 10లు కలిస్తే 700. స్వరం ఒక ఆక్టేవ్ (కంపనాలు సగమయ్యేంత) కిందికి దిగితే, అదే మోతకు కోన్ నాలుగింతల దూరం కదలాలి. చిన్న కోన్ అంత కదలలేదు. అందుకే మీ ఆంప్‌లో వాల్యూమ్ పెంచేకొద్దీ పై స్వరాలు పెరుగుతాయి, అడుగు మాత్రం పలచబడుతుంది. ఇంకా పెంచితే కోన్ హద్దు దాటి టపటపా కొట్టుకుంటుంది.

షాపుల్లో తేలిగ్గా కనబడే ఫెండర్ రంబుల్ వరసనే తీసుకుంటే, 40కి 10 అంగుళాల స్పీకర్, 100కి 12, 200కి 15, 500కి రెండు 10లు ఉంటాయి. మీ బ్యాండ్‌కు మేం చెప్పేది ఈ ఆఖరి తరహా. పేరు 500 అయినా లోపలి స్పీకర్లు కలిపి 8 ఓమ్‌లు (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, అది తగ్గితే ఆంప్ ఎక్కువ శక్తి ఇస్తుంది) కాబట్టి వాటికి అందేది 350 వాట్లు. బయట మరో 8 ఓమ్‌ల క్యాబినెట్ కలిపితే మొత్తం 4 ఓమ్‌లై 500 పూర్తిగా దిగుతాయి, కోన్ వైశాల్యమూ పెరుగుతుంది. రేపు పెద్ద చోటు దొరికితే ఆంప్ మార్చక్కర్లేదు. బరువు 16, 17 కిలోల మధ్య, ఒక్కరే ఆటోలో పెట్టుకుని వెళ్ళొచ్చు. ఏ కంపెనీదైనా సరే, వెనక బయటి స్పీకర్ సాకెట్, ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్ (బేస్‌ను మైకుసెట్టుకు పంపే మూడు పిన్నుల సాకెట్) రెండూ ఉన్నాయా చూసి కొనండి. మైకుసెట్టు బలంగా ఉండి బేస్‌ను కూడా తీసుకునే చోట మాత్రమే వాయించేవాళ్ళకు 100 వాట్లు చాలు. అక్కడ ఆంప్ మీ చెవి కోసమే.

కొత్తది వచ్చేలోగా ఒకటి చేసి చూడండి. బేస్ నాబ్‌ను మధ్యకు తెచ్చి, 400 నుంచి 800 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) ప్రాంతంలో ఉండే మిడ్, అంటే మధ్య స్వరాల నాబ్, కొంచెం పెంచండి. బేస్ నాబ్‌తో 6 డెసిబెల్స్ పెంచితే ఆ అడుగు స్వరాలకు నాలుగింతల శక్తి ఖర్చవుతుంది. 25 వాట్లతో సాగే పనికి 100 కావాల్సి వస్తుంది. బేస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గించిన ధ్వని ఇంట్లో ఒంటరిగా వాయిస్తే ఎంతో హాయిగా ఉంటుంది. బ్యాండ్‌లో మాత్రం కిక్ డ్రమ్ కిందా, సింబల్స్ కిందా పడి కనబడకుండా పోతుంది.

ప్రశ్న (గుంటూరు): మా చర్చిలో 100 వాట్ల కాంబోతో వాయిస్తాను. లావు తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే హాలంతా గుమ్మని మోగుతుంది. మిగతా స్వరాలు మామూలే. హాలు వెడల్పు 23 అడుగులు. ఆంప్ చెడిందా?

జవాబు: ఆంప్ బాగానే ఉంది, మోగుతున్నది హాలు. ఆ స్వరం 49 హెర్ట్జ్. గాలిలో దాని అల పొడవు సుమారు 7 మీటర్లు. మీ హాలు వెడల్పూ 7 మీటర్లే. రెండు గోడల మధ్య ఆ అల సరిగ్గా ఇమిడి, తిరిగి తిరిగి తన మీద తానే పేరుకుంటోంది. 14 అడుగుల రిహార్సల్ గదిలోనైతే ఖాళీ లావు తీగ (41 హెర్ట్జ్) ఇలాగే గుమ్మంటుంది. అక్కడ గది పొడవు అలలో సగం.

ముందుగా కాంబోను గోడ పక్క నుంచి జరపండి. ఇలాంటి అల గోడల దగ్గరా, హాలు నట్టనడుమా బలంగా ఉంటుంది. 23 అడుగుల వెడల్పులో పక్క గోడకు 6 అడుగుల దూరాన 49 హెర్ట్జ్ బాగా తగ్గుతుంది. అక్కడ పెట్టి, అదే స్వరాన్ని వాయిస్తూ అడుగడుగు జరిపి వినండి. వెనక గోడకు మాత్రం దగ్గరగానే ఉంచండి. దానికి 4 అడుగుల దూరంలో పెడితే, గోడను తాకి తిరిగొచ్చే శబ్దం 70 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. బేస్‌కు కండ అక్కడే ఉంటుంది. చెక్క వేదిక అయితే కాంబోను గట్టి కుర్చీ మీదో, బెంచీ మీదో పెట్టండి. వేదిక అదరడం తగ్గుతుంది, స్పీకర్ మీ మోకాళ్ళకు బదులు చెవుల వైపు చూస్తుంది. వాల్యూమ్ సగానికి తగ్గించుకున్నా మీకు స్పష్టంగా వినబడుతుంది. ఇవన్నీ చేశాక ఇంకా మిగిలితే అప్పుడు ఈక్వలైజర్‌లో 50 హెర్ట్జ్ దగ్గర 3, 4 డెసిబెల్స్ తగ్గించండి.

ప్రశ్న (నిజామాబాద్): గిటార్ ఆంప్‌లో బేస్ వాయించవచ్చా?

జవాబు: ఇంట్లో, మెల్లగా, సాధనకు వాయించవచ్చు. బ్యాండ్ మోతకు పెంచితే స్పీకర్ పోతుంది. గిటార్ స్పీకర్ కోన్‌కు కదిలే చోటు తక్కువ. పెట్టె వెనక తెరిచి ఉంటే గాలి దన్ను కూడా ఉండదు.

ప్రశ్న (కరీంనగర్): డాలస్‌లో ఉన్న మా అన్నయ్య వచ్చే నెల వస్తూ బేస్ కాంబో తెస్తానంటున్నాడు. అక్కడి ఆంప్ ఇక్కడ పనిచేస్తుందా?

జవాబు: వెనక పలక మీద రాసినదాన్ని బట్టి ఉంటుంది. కొనేముందు కరెంటు తీగ దూర్చే చోటును దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. అక్కడ 100–240 వోల్ట్ అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 115, 230 అని జరిపే స్విచ్ ఉంటే, ఇక్కడ ప్లగ్ పెట్టకముందే 230కి జరిపి, ఫ్యూజ్‌ను కూడా ఆ వోల్టేజీకి పలక మీద రాసిన విలువకు మార్చాలి. 230లో కరెంటు సగమే తీసుకుంటుంది కాబట్టి పాత ఫ్యూజ్ ఉంచితే అవసరమైనప్పుడు కాలదు. 120 వోల్ట్, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు. పెట్టిన మరుక్షణం పవర్ సప్లయ్ కాలిపోతుంది.

అలాంటిది తెచ్చుకుంటే 230 నుంచి 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పలక మీద వాట్లలో రాసిన వినియోగానికి రెండింతల వీఏ (వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యానికి కొలత) ఉన్నది, మూడు పిన్నులతో ఎర్త్ ఇటు నుంచి అటు కలిసి ఉన్నది తీసుకోండి. 500 వాట్ల వినియోగమైతే 1000 వీఏ. వాయించడానికి వెళ్ళిన ప్రతిచోటికీ ఆ బరువును మోయాలి, పొరపాటున ఎవరైనా ప్లగ్‌ను నేరుగా గోడలో పెట్టకుండా కాపలా కాయాలి. మా సలహా అడిగితే 120 మాత్రమే ఉన్నదాన్ని తేవద్దనండి. ఆ డబ్బుతో ఇక్కడే కొనుక్కుంటే వారంటీ కూడా ఇక్కడే చెల్లుతుంది.

ప్రశ్న (తెనాలి): పెళ్ళి ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. ఆంప్ నుంచి మిక్సర్‌కు లైన్ ఇస్తే గుయ్‌మని హమ్ వస్తోంది. సౌండ్ వాళ్ళు ఆంప్ ప్లగ్‌కు ఎర్త్ పిన్ తీసేస్తే పోయింది. ఇలా వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ రోజే ఆ ప్లగ్ మార్చండి. ఆంప్ లోపల కరెంటు తీగ ఊడి పెట్టెకు తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజ్ పోతుంది. లేనప్పుడు ఆ కరెంటు మీ బేస్ తీగల్లోకి వస్తుంది. ఎడమ చేయి తీగల మీద ఉండి పెదవి మైకుకు తగిలితే దారి మీ గుండె మీదుగా వెళ్తుంది. జనరేటర్ మీద, తడి నేల మీద వేసిన పందిళ్ళలో ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీ హమ్‌కు కారణం, ఆంప్ ఒక చోట, మిక్సర్ మరో చోట ఎర్త్ అయి, మధ్యలో ఆడియో కేబుల్ ద్వారా చుట్టు పూర్తవడం. ఆంప్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ పక్కన గ్రౌండ్ లిఫ్ట్ అనే బటన్ ఉంటే నొక్కండి. అది ఆడియో కేబుల్‌లోని ఎర్త్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది. బటన్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) మధ్యలో పెట్టండి. వీలైతే ఆంప్‌కు కరెంటు కూడా మిక్సర్ ఉన్న బోర్డు నుంచే లాగండి. లైన్ అవుట్ దగ్గర ప్రీ, పోస్ట్ అనే స్విచ్ ఉంటే ప్రీలో ఉంచండి. వేదిక మీద మీరు తిప్పే నాబ్‌లు హాలులోని ధ్వనిని మార్చవు, సౌండ్ అతని పని తేలికవుతుంది. జనరేటర్ మారినప్పుడల్లా మల్టీమీటర్‌తో సాకెట్ చూసి, 210కి 250కి మధ్య ఉంటేనే ఆంప్ ఆన్ చేయండి.

ప్రశ్న (ఖమ్మం): ఐదు తీగల బేస్ కొన్నాను. దానికోసం 15 అంగుళాల సెకండ్ హ్యాండ్ కాంబో చూస్తున్నాను. ఏమేం పరీక్షించాలి?

జవాబు: మీ ఐదో తీగ 31 హెర్ట్జ్. 41 హెర్ట్జ్ స్వరంతో సమానంగా మోగాలంటే కోన్ దాదాపు 1.8 రెట్లు కదలాలి, కాబట్టి పరీక్ష ఆ తీగతోనే చేయండి. ముందు ఆంప్ ఆపి, వేళ్ళను కోన్ చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా నొక్కండి. గీసుకున్నట్టు చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) రాసుకుంటోంది, వదిలేయండి. తర్వాత కచేరీ మోతలో 15 నిమిషాలు ఆపకుండా వాయించండి. వేడెక్కాక కట్ అవడం, కాలిన వాసన, ఫ్యాన్ తిరగకపోవడం అప్పుడే బయటపడతాయి. నాబ్ తిప్పితే వచ్చే గరగర కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది, దానికి భయపడక్కర్లేదు. ఆఖరున స్పీకర్ వైరు ఊడదీయించి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌లది 5.5 నుంచి 7 వరకు, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 వరకు చూపిస్తుంది. ఆంప్ వెనక కనిష్ఠం 8 ఓమ్‌లు అని రాసి, మీటర్‌లో 3 వస్తే ఎవరో స్పీకర్ మార్చారు. ఆ ఆంప్ రోజూ హద్దు దాటి పనిచేసింది, ఎంత తగ్గించినా కొనకండి.