విషాదాంతం అంటే సరిపోతుందా?

సందేహం: నలుగురు మిత్రులం కలిసి కెన్షిన్ అనే కత్తివీరుడి కథతో 1999లో నాలుగు వీడియో భాగాలుగా వచ్చి, తర్వాత ఒకే సినిమాగా కూర్చిన జపాన్ యానిమే (కార్టూన్ బొమ్మల చిత్రం) చూశాం. అయ్యాక తలా ఒక మాట అన్నాం. ఒకడు ‘విషాదాంతం’ అన్నాడు. ఇంకొకడు ‘విషాదకరమైన సినిమా’ అన్నాడు. మూడోవాడు ‘గుండె పగిలింది’ అన్నాడు. ‘ట్రస్ట్ అండ్ బిట్రేయల్’ అన్న దాని ఇంగ్లీషు పేరును నేను ‘నమ్మకద్రోహం’ అని తెలుగు చేశాను. ఎవరి మాట సరైనది? ఇంకో చిన్న ప్రశ్న, విషాదంలో విషం ఉందా? – ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: మీ ఉత్తరం పుణ్యమా అని మా మనవడి పక్కన కూర్చుని ఆ సినిమా నేనూ చూశాను. మధ్యలో ఒకసారి ఆపించి మంచినీళ్లు తాగాను. మాట సంగతి తేల్చాలంటే కథ కొంచెం చెప్పక తప్పదు. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. విషాదంలో విషం లేదు. ‘వి’ అనే ఉపసర్గ, ‘సద్’ అనే ధాతువు కలిసిన మాట అది. సద్ అంటే కూలబడడం, కుంగిపోవడం. ‘వి’లోని ఇకారం వల్ల పక్కనున్న స, ష అయింది. సమం విషమం అయినట్టే. అదే ధాతువుకు ‘ప్ర’ చేరిస్తే ప్రసాదం. ప్రసాదం అంటే ముందు మనసు తేటపడడం, ఆ తర్వాత అనుగ్రహం, ఆ తర్వాతే గుళ్లో మన చేతిలో పెట్టే పులిహోర. విషాదమూ ప్రసాదమూ ఒక తల్లి పిల్లలని చెబితే మా క్లాసులో పిల్లలు నమ్మేవాళ్లు కాదు.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. అక్కడ అర్జునుడు ‘సీదంతి మమ గాత్రాణి’ అంటాడు. నా అవయవాలు కుంగిపోతున్నాయని. ఆ ‘సీదంతి’ కూడా ఈ సద్ ధాతువే. అంటే విషాదం అసలు ఒంటికి తెలిసే సంగతి. ఆయుధం పట్టినవాడి చెయ్యి వాలిపోవడం. అర్జునుడికి గాండీవం జారింది. మీ కెన్షిన్‌కి ఆఖరి పోరులో చూపూ వినికిడీ మందగించి ఒళ్లు సోలిపోతున్నా కత్తి మాత్రం జారదు. జారి ఉంటే అతనితో కాపురం చేసిన టొమొయే బతికేది.

ఇప్పుడు ‘విషాదాంతం’. విషాదం అంతమందు కలది అని బహువ్రీహి సమాసంగా విడదీస్తే మీ మిత్రుడి మాట సరైనదే. తెలుగు నాటకాల్లో ఆ రకానికి తొలి ఉదాహరణగా ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను చెబుతారు. కాబట్టి ఈ మాట మనకు నాటకాల కాలం నుంచీ అలవాటే. దీని అన్న ‘దుఃఖాంతం’ ఇంకా తమాషా అయినది. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ‘దుఃఖాంతం చ నిగచ్ఛతి’ అని వస్తుంది. అక్కడ దానికి దుఃఖం తీరిపోవడం అని అర్థం. షష్ఠీ తత్పురుష. అదే మాటను మనం సినిమాకు వాడితే దుఃఖంతో ముగిసేది అని అర్థం. విగ్రహవాక్యం మారితే ఏడుపు కాస్తా మోక్షం అవుతుంది!

వ్యాకరణం ఒప్పుకున్నా ఈ సినిమాకు ఆ మాట చాలదని నా అభిప్రాయం. కారణం కథలోనే ఉంది. బానిసల వ్యాపారులు తోలుకుపోతున్న గుంపు మీద దొంగలు పడి నరికేస్తారు. ఆ దొంగల్ని ఒక కత్తివిద్య గురువు వచ్చి నరికేస్తాడు. మిగిలిన ఒక్క పిల్లాడు, షింతా, ఒంటరిగా అందరికీ గోతులు తవ్వి పూడ్చిపెడతాడు. తనను కాపాడబోయిన ఆడపిల్లలకే కాదు, దొంగలకూ వ్యాపారులకూ కూడా. సినిమా మొదలయ్యేది ఇక్కడ. తర్వాత ఆ పిల్లాడే కెన్షిన్ అనే పేరుతో 1864 నాటి క్యోటోలో అప్పటి ప్రభుత్వాన్ని ఎదిరించే చోషూ వర్గం తరఫున రాత్రిళ్లు మనుషుల్ని చంపుతాడు. చచ్చినవాళ్లలో ఒకడికి పెళ్లి కుదిరి ఉంది. ఆ కాబోయే పెళ్లాం టొమొయే పగ తీర్చుకోడానికి వచ్చి, అతనితోనే కాపురం చేసి, అతన్ని ప్రేమించి, చివరికి అతని కత్తికే అడ్డం వెళ్లి మంచులో చనిపోతుంది. ఆమె చేతిలోని బాకు అతని చెంప మీద రెండో గీత గీస్తుంది. మొదటి గీత ఆ చనిపోయిన పెళ్లికొడుకు పెట్టినది.

ఇందులో విషాదం ఆఖర్న వచ్చి కూర్చున్నది కాదు. గీతలో లాగే మొదటి అధ్యాయంలోనే ఉంది. ఇది నొబుహిరో వాట్సుకి మాంగాలో (జపాన్ బొమ్మల కథలో) నుంచి తీసుకున్న, కెన్షిన్ గతం చెప్పే భాగం. ఆ మాంగా చదివినవాళ్లకు టొమొయే చనిపోతుందని ముందే తెలుసు, అయినా కళ్లు తుడుచుకుంటారు. ‘విషాదభరితం’ అనండి, సరిపోతుంది. కావ్యం చదివిన ఇంటివాళ్లయితే ‘కరుణరస ప్రధానం’ అనండి. ‘విషాదాంతం’తో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంకా చూడని స్నేహితుడికి ఆ ఒక్క మాటతో ముగింపు చెప్పేసినట్టే. అభిప్రాయం అడిగితే కథ విప్పేయడం మర్యాద కాదు. (నేను పైన చేసిందేమిటని అడక్కండి, ముందే హెచ్చరించాను.)

‘విషాదకరమైన సినిమా’ అన్న మాట మార్చుకోవాలి. విషాదకరం అంటే విషాదాన్ని కలిగించేది. వ్యుత్పత్తిలో తప్పేమీ లేదు. కానీ పేపర్లు ఆ మాటను బస్సు లోయలో పడినప్పుడు, పిల్లలు చెరువులో మునిగినప్పుడు వాడి వాడి దుర్ఘటనకే కట్టేశాయి. ‘విషాదకరమైన సినిమా’ అంటే ఆ సినిమా తీయడమే ఒక ప్రమాదం అన్నట్టు వినిపిస్తుంది. బోరు కొట్టిన సినిమాకు వెటకారంగా వాడుకోవచ్చు.

‘గుండె పగిలింది’. ఇక్కడ మీ మిత్రుడు ఇంగ్లీషులో అనుకుని తెలుగులో అన్నాడేమో. మనకు గుండె పగలడం ఉంది, కానీ అది ఎక్కువగా హఠాత్తుగా తగిలే దెబ్బకు. పిడుగు పడ్డప్పుడు, చావు కబురు విన్నప్పుడు. ఈ సినిమా అలా ఒక్కసారిగా కొట్టేది కాదు. ‘నత్తనడక నడిచింది’ అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. అదే మాంగా మీద వచ్చిన టీవీ సీరియల్లో నవ్వించిన కెన్షిన్ ఇందులో అసలు నవ్వడేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. మెల్లగా కోసే బాధకు మన దగ్గర మంచి మాటలున్నాయి. గుండె బరువెక్కింది. గుండె చెరువైంది. అన్నిటికన్నా నాకిష్టమైనది ‘తరుక్కుపోయింది’. తరగడం అంటే కత్తిపీట మీద కూరగాయలు తరగడమే. దానికి ‘కొను’ చేరి ‘తరుగుకొని పోయింది’, వాడుకలో తరుక్కుపోయింది. ఎవరో వచ్చి కోయలేదు, తనంతట తనే కోసుకుపోయింది. ఇంత కత్తియుద్ధం ఉన్న సినిమాకు వంటింట్లో పుట్టిన క్రియే అతుకుతుంది.

ఇక మీ అనువాదం. ఇంగ్లీషు పేరులో రెండు వస్తువులున్నాయి. నమ్మకం ఒకటి, ద్రోహం ఒకటి. మీరు వాటిని ఒకటి చేశారు. ‘నమ్మకద్రోహం’ అంటే నమ్మకానికి చేసిన ద్రోహం, తత్పురుష. రెండూ విడిగా నిలవాలంటే ద్వంద్వం కావాలి, తెలుగులో ద్వంద్వానికి బహువచనం వస్తుంది. తల్లిదండ్రులు, కష్టసుఖాలు అన్నట్టు ‘నమ్మకద్రోహాలు’ అనాలి. అన్నా లాభం లేదు, చాలా నమ్మకద్రోహాలు జరిగాయనే వినేవాడు అనుకుంటాడు. అందుకని విడదీసి ‘నమ్మకం, ద్రోహం’ అని పెట్టండి. కథకూ అదే న్యాయం. టొమొయే చేసింది ఒట్టి నమ్మకద్రోహం అయితే మీరంతా ఆమె మీద కోపంతో లేచేవాళ్లు. అసలు జపాన్ పేరులోని ‘త్సుయొకు’కు గడిచినదాన్ని తలచుకోవడం అని అర్థం. దానికి మన ‘తలపోత’ బాగుంటుంది.

ఇంత ఏడిపించిన సినిమా ‘నచ్చింది’ అనవచ్చా అని మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు దీనికి ఎప్పుడో జవాబిచ్చాడు. కరుణరసంలో దుఃఖమే ఉంటే దాని వైపు ఎవరూ తొంగిచూడరు, రామాయణం కూడా దుఃఖం కలిగించేదే అయిపోతుంది అన్నాడు. నాట్యశాస్త్రం లెక్కలో విషాదం వచ్చిపోయే ముప్ఫై మూడు భావాల్లో ఒకటి, కరుణకు స్థాయి, అంటే నిలిచి ఉండే భావం, శోకం. ఆ శోకం చూసేవాడిలో రుచిగా మారితేనే రసం. కాబట్టి ధైర్యంగా ‘నచ్చింది’ అనండి.

సినిమా అయ్యాక మా మనవణ్ణి ఎలా ఉందిరా అని అడిగితే ‘బాగా ఫీలయ్యాను తాతయ్యా’ అన్నాడు. ఇంగ్లీషులో ఆ క్రియ సంతోషానికీ చలికీ ఆకలికీ కూడా పనికొస్తుంది. తెలుగులోకి వచ్చి ‘ఫీలవడం’ అయ్యాక మనసు నొచ్చుకోవడానికే మిగిలింది. ‘ఆయన ఫీలయ్యాడు’ అంటే దేనికి అని మనం అడగం, బాధపడ్డాడనే అనుకుంటాం. వాడి మాట నేను దిద్దలేదు.