మూడు వంతెనలు, ఒక కొండ, ఆ తర్వాత నానమ్మ

ప్రశ్న: మాది గుంటూరు. బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు. సంక్రాంతికి కారులో విశాఖపట్నం, మా అత్తగారింటికి వెళ్లాం. ఏలూరు దాటేసరికి బాబు ఫోను చూస్తూ చూస్తూ వాంతి చేసుకున్నాడు. పాప వెనక కూర్చోనని ఏడిస్తే ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ‘ఇంకా ఎంతసేపు’ అని బాబు అడిగినప్పుడల్లా మావారు ‘ఐదు నిమిషాలు’ అన్నారు. తుని దగ్గర ఇద్దరూ ఏడుపు అందుకుంటే కారు పక్కకు ఆపి గట్టిగా అరిచారు. ఇంటికి చేరాక అత్తగారి ముందే ‘పిల్లల్ని ఇలాగేనా పెంచేది’ అన్నారు. వేసవి సెలవులకు మళ్లీ వెళ్లాలి. పిల్లలకు ఓపిక నేర్పడం ఎలా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివితే ఆ కారులో ముందుగా ఓపిక నశించింది పిల్లలకు కాదనిపించింది. దాదాపు 380 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. ఆరేళ్ల పిల్లవాడు తుని దాకా నెట్టుకొచ్చాడంటే ఉన్న ఓపికంతా వాడేశాడనే అర్థం. మీవారిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. అంత దూరం ఒక్కరే నడిపే మనిషికి వెనక నుంచి ఏడుపు వినబడితే నరాలు తెగినట్టే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఆ ‘ఐదు నిమిషాలు’. మొదటిసారి బాబు నమ్మి ఉంటాడు. నాలుగోసారికి నాన్న మాట మీద నమ్మకం పోయింది, అడగడం మాత్రం మానలేదు. ఆ వయసు పిల్లలకు గంటల లెక్క అందదు, కంటికి కనబడేది అందుతుంది. మీ దారిలో ఆ లెక్క సిద్ధంగానే ఉంది. మొదట కనకదుర్గ వారధి మీద కృష్ణ. తర్వాత సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరి, రావులపాలెం దాటగానే జొన్నాడ దగ్గర గౌతమి. ఆ పైన అన్నవరం కొండ. మూడు వంతెనలు, ఒక కొండ, ఆ తర్వాత నానమ్మ. ముందురోజు బాబు చేతనే ఒక కాగితం మీద ఇవి గీయించండి. దాటినప్పుడల్లా వాడే ఒకటి కొట్టేస్తాడు. ‘ఇంకా ఎంతసేపు’ అని అడిగితే ‘ఎన్ని మిగిలాయో చూడు నాన్నా’ అంటే చాలు.

అన్నవరం తర్వాత కూడా రెండు గంటల పైనే ఉంటుంది. మీ కారులో గొడవ మొదలైన తుని కూడా అన్నవరం దాటిన కాసేపటికే వస్తుంది. అందుకే కొండ దగ్గర తప్పకుండా దిగండి, పిల్లల్ని పరుగెత్తనివ్వండి, ఆకు పొట్లంలో ప్రసాదం తినిపించండి. మళ్లీ బయలుదేరాక అత్తగారికి ఫోను చేసి స్పీకరులో కథ చెప్పమనండి. కథ చెబుతూ పిల్లల అలసట వినే నానమ్మ, రేపు మీ పెంపకం మీద మాట వస్తే మీ పక్షానే నిలబడవచ్చు. ఇందులో కొంచెం నా స్వార్థపు ఎత్తుగడ కూడా ఉందనుకోండి.

మిగతా దారికి పొడుపు కథలు చాలు. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అంటే పాప కళ్లు మూసి తెరిచి తనే జవాబు చూపిస్తుంది. ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది’ అని బాబును అడగండి. జవాబు కవ్వం. కవ్వమంటే ఏమిటో వాడికి చెప్పేసరికే పాతిక కిలోమీటర్లు గడుస్తాయి.

వాంతులకు కారణం చాలావరకు ఆ ఫోనే. లోపలి చెవికి బండి కదలిక తెలుస్తుంది, తెర మీద నిలిచిన కళ్లకు తెలియదు. ఆ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. దూరంగా ఉన్న చెట్లను, కొండలను చూడమనండి, కిటికీ కొద్దిగా దించండి. బయలుదేరే ముందు పూరీలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వేయాలనుకుంటే పిల్లల డాక్టరును అడిగే వేయండి. కారులో పాపకు వేరుసెనగ గింజలు పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి.

ఒక్క విషయంలో మాత్రం మీ మీదే కోపం వచ్చింది. పాపను ముందు సీటులో ఒళ్లో పెట్టుకోవడం. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ ఆపలేవు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే మరీ ప్రమాదం. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో ఉండాలి. లేకుంటే 1,000 రూపాయల జరిమానా. జరిమానా మాట అలా ఉంచి, పిల్లల సీటు ఇప్పుడే కొని, పది రోజులు బజారుకు వెళ్లినప్పుడల్లా అందులోనే కూర్చోబెట్టండి. అలవాటైన సీటు అంతగా ఏడిపించదు. మీరు వెనక, పాప పక్కన కూర్చోండి.

మీవారితో మాట్లాడే పని ప్రయాణం రోజున పెట్టుకోకండి. ఒక సాయంత్రం పిల్లలు పడుకున్నాక, ‘అత్తయ్యగారి ముందు ఆ మాట అన్నందుకు బాధపడ్డాను’ అని ఒక్క వాక్యంలో చెప్పి, ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి. తర్వాత ఎక్కడెక్కడ ఆగాలో ఆయన్నే నిర్ణయించమనండి. రెండు గంటలకు ఒకసారి ఆగితే నడిపేవారికీ మంచిది. తను పెట్టుకున్న లెక్కలో ఆగడం ఉంటే ఆలస్యమైందన్న కోపం రాదు.

వేసవి కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరండి, ఏలూరు దాకా పిల్లలు నిద్రలోనే ఉంటారు. కాకపోతే కృష్ణ చీకట్లో దాటిపోతుంది, మొదటి వంతెన కొట్టేసే పని బాబు లేచాక చేస్తాడు. ఆగినచోట నిమిషం పనే అయినా పిల్లల్ని మూసిన కారులో వదలకండి. మార్చే బట్టలు డిక్కీలో కాకుండా చేతికందే సంచిలో పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ముందు కొండ వస్తుంది, వంతెనలు తర్వాత. ఆ కాగితం తలకిందులుగా తిప్పి మళ్లీ గీసే పని కూడా బాబుకే అప్పగించండి.