ఎలక్ట్రిక్ కారుకు బయట చార్జింగ్ పెట్టుకుంటే ఇంట్లో కన్నా అంత ఎక్కువ ఎందుకు? స్టేషన్ వాళ్లు దోచుకుంటున్నారా?

లాభాల మాట వింటే మా బావమరిదికి నవ్వొస్తుంది. వాడు రెండు గన్నుల (అంటే కారుకు తగిలించే ప్లగ్గుల) ఫాస్ట్ చార్జర్ ఒకటి నడుపుతున్నాడు, లెక్కలు నేను చూస్తాను. కాబట్టి కరెంటు బిల్లు సంగతి నన్నడగండి, చెబుతాను.

స్టేషన్ పెట్టిన కొత్తల్లో వచ్చే పోయే బండ్లు తక్కువ. ఓ వానరాత్రి రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండూ దాదాపు ఖాళీ బ్యాటరీలతోనే. చెరో గన్ను పెట్టేసరికి లోడు, అంటే ఒకేసారి లాగే కరెంటు, 120 కిలోవాట్ల దగ్గరకు వెళ్లింది. అరగంటలో రెండూ వెళ్లిపోయాయి. మావాడు సంబరపడ్డాడు. నెలాఖరున బిల్లు పట్టుకొచ్చి, "బావా, కాలింది ఇంతే, వేసింది చూడు" అన్నాడు. యూనిట్ల ఖర్చు పై వరసలో బుద్ధిగా కూర్చుని ఉంది. దాని కింద డిమాండ్ చార్జీ, దానికి రెట్టింపు పైనే. నెల మొత్తంలో ఏ పావుగంటలో ఎక్కువ లోడు లాగామో అదే లెక్క. మిగతా రోజులన్నీ చార్జర్ ఈగలు తోలుకుంటూ ఉన్నా ఆ ఒక్క పావుగంటకు నెలంతా కట్టాల్సిందే.

కరెంటు ఆఫీసుకెళ్లి అడిగితే అక్కడున్నాయన, "మీరు ఎప్పుడు లాగినా సరిపోయేలా ట్రాన్స్‌ఫార్మరు, లైను సిద్ధంగా ఉంచాం కదండీ, దాని ఖర్చు ఎవరిస్తారు?" అన్నాడు. మాట సబబే, కాదనను. కానీ లెక్క చూడండి. 120 కిలోవాట్లు 30 రోజులూ ఆగకుండా నడిస్తే 86,400 యూనిట్లు. వాడకం 5 శాతమే అయితే 4,320. డిమాండ్ చార్జీ మాత్రం అంతే. అంటే యూనిట్‌కు పడే ఆ భారం 20 రెట్లు. రేటు పెంచితే బండ్లు రావు, బండ్లు రాకపోతే రేటు తగ్గదు. ఫ్యాక్టరీల కోసం రాసిన టారిఫ్‌ను (రేట్ల పట్టీని) అలాగే తెచ్చి చార్జింగ్ మీద రుద్దితే ఇంతే. వాడకం పెరిగేదాకా యూనిట్ల మీదే వసూలు చేసి, తర్వాత మెల్లగా డిమాండ్ చార్జీ తెమ్మంటాను నేను. ఇంత చిన్న విషయం కరెంటు రేట్లు ఖరారు చేసే కొన్ని కమిషన్లకు ఎందుకు తట్టదో!

ఆ బిల్లు తర్వాత మావాడు రెండు గన్నులూ కలిపి 60 కిలోవాట్లు దాటకుండా లిమిట్ పెట్టించాడు. ఇప్పుడు రెండో కారు రాగానే మొదటాయన దిగి వచ్చి, "బోర్డు మీద 60 అని రాశారు, 28 వస్తోందేంటి?" అని గొడవ. ఆయనకు టారిఫ్ పాఠం ఎవరు చెబుతారు?

పాలసీ తలనొప్పులు వేరే. లైసెన్సున్న సంస్థే కరెంటు అమ్మాలనే రూలు వల్ల చాలాచోట్ల స్టేషన్ వాళ్లు యూనిట్ లెక్కన అమ్మలేక నిమిషాల లెక్కన వసూలు చేసేవాళ్లు. నెమ్మదిగా చార్జింగ్ తీసుకునే పాత కారు ఉన్నవాడికి అది శిక్షే. కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి చార్జింగ్ స్టేషన్లను ఆ ముడి నుంచి తప్పించింది. మన దేశంలో కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో, ఇది కరెంటు అమ్మకం కాదు, సేవ, లైసెన్సు అక్కర్లేదని తేల్చింది. బాగానే ఉంది, కానీ సేవ అన్నాక పన్ను వస్తుంది. బ్రిటన్‌లో ఇంటి కరెంటు మీద వ్యాట్ 5 శాతం, రోడ్డు మీది చార్జింగ్‌కు 20 శాతం. సొంత పార్కింగ్ ఉన్నవాడికి తక్కువ పన్ను, అద్దెకుండి వీధిలో కారు ఆపుకునేవాడికి ఎక్కువ. ఇదెక్కడి న్యాయమో నాకైతే అర్థం కాదు.

ఇక యాప్‌ల గోల. స్టేషన్‌కో యాప్, యాప్‌కో వాలెట్, అందులో వాడుకోలేక మిగిలిపోయే చిల్లర. పెట్రోలు బంకులో ఎవరైనా ముందుగా డబ్బు డిపాజిట్ చేయించుకుంటారా?

అసలు నన్నడిగితే అందరికీ ఫాస్ట్ చార్జర్లు అక్కర్లేదు. కారు రోజులో ఎక్కువ సేపు ఊరికే నిలబడి ఉంటుంది. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మామూలు సాకెట్, దానికో విడి మీటరు పెట్టనిస్తే రాత్రంతా మెల్లగా ఎక్కుతుంది, లైను మీద భారమూ పెద్దగా పడదు. దానికి అడ్డుపడేది కరెంటు ఆఫీసు కూడా కాదు, అసోసియేషన్ మీటింగులో "కొత్త తీగలు ఎందుకండీ, రిస్కు" అనే పెద్దమనిషి. ఆయనకు ఎలక్ట్రిక్ కారు ఉండదు లెండి.