ఉర్ ఆటలో కంప్యూటర్ మోసం చేస్తోందా?

ప్రశ్న: రాయల్ గేమ్ ఆఫ్ ఉర్ అనే పురాతన పాచికల ఆట ఫోన్‌లో ఆడుతున్నాను. నాకు అవసరమైనప్పుడు నాలుగు చచ్చినా పడదు. కంప్యూటర్‌కి మాత్రం ఏది కావాలంటే అది పడుతుంది. యాప్‌లో ఏదైనా మతలబు ఉందా?

జవాబు: నేనూ ఈ ఆట తరచూ ఆడుతుంటాను. మతలబు ఉండకపోవచ్చండి. ఈ ఆటలో నాలుగు పడడమే అరుదు.

ఇందులో వేసేది లూడో పాచిక కాదు. పిరమిడ్ ఆకారంలో ఉన్న నాలుగు చిన్న పాచికలు. ఒక్కోదానికి నాలుగు మూలలు, వాటిలో రెండింటికి గుర్తు. పైకి తేలిన గుర్తులు ఎన్నో అన్ని గడులు నడవాలి. మన అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసినట్టే. లెక్క వేస్తే 16 పందేల్లో సగటున రెండు 6 సార్లు, ఒకటి 4 సార్లు, మూడు 4 సార్లు పడతాయి. నాలుగు ఒక్కసారే, సున్నా కూడా ఒక్కసారే. కాకపోతే మనకి గవ్వలన్నీ బోర్లా పడితే అష్టా, పైగా ఇంకో పందెం. ఉర్ ఆటలో సున్నా పడితే మాత్రం ఆ వంతు పోయినట్టే!

ఈ లెక్క తలలో ఉంటే ఆడే తీరే మారిపోతుంది. మధ్య వరుసలోని ఎనిమిది గడులూ ఇద్దరివీ, కాయలు చచ్చేది అక్కడే. ఎదుటివాడి కాయకి సరిగ్గా రెండు గడుల ముందు మీ కాయని నిలబెట్టకండి, అది అన్నిటికంటే ప్రమాదమైన చోటు. నాలుగు గడుల ముందుంటే చాలావరకు నిశ్చింత. మధ్య వరుసలో పువ్వు గుర్తున్న గడి దొరికితే ఊరికే వదలొద్దు. అక్కడున్న కాయని చంపడానికి లేదు, పైగా ఎక్కగానే మరో పందెం వస్తుంది. నేనైతే గత్యంతరం లేకపోతే తప్ప ఆ కాయని కదపను. అది అక్కడున్నంత సేపూ ఎదుటివాడికి ఆ గడి దొరకదు.

కంప్యూటర్‌కి అన్నీ కలిసొచ్చినట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. ఒకటి పడినా, రెండు పడినా, మూడు పడినా ఏదో ఒక కాయకి పనికొచ్చేలా కాయల్ని విడివిడిగా ఉంచుకుంటుంది. మనమేమో ఒకే కాయని పండించాలని పరిగెత్తించి, చివర్లో సరిగ్గా పడాల్సిన పందెం కోసం కూర్చుంటాం.

యాప్‌కీ యాప్‌కీ నియమాలు కూడా తేడా, ముందు సెట్టింగ్స్‌లో అవి చూసుకోండి. ఇరాక్‌లోని ప్రాచీన నగరం ఉర్‌లో పురావస్తు శాస్త్రవేత్త లియోనార్డ్ వూలీ తవ్వకాల్లో దొరికిన ఆట పలకలు దాదాపు 4500 ఏళ్లనాటివి. నియమాలకి ఆధారమైన బాబిలోన్ మట్టి ఫలకమేమో క్రీ.పూ. 177 నాటిది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ ఫలకాన్ని చదివి ప్రాచీన లిపి నిపుణుడు ఇర్వింగ్ ఫింకెల్ ఆట తీరు కూర్చారు. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా తేడా ఉంది కాబట్టి కాయలు నడిచే దారి విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో వాదన.

ఇంకా అనుమానం తీరకపోతే ఓ వంద పందేలు కాగితం మీద రాసి చూడండి. నాలుగులు ఆరేడు, రెండ్లు నలభైకి కాస్త తక్కువ ఉంటే పాచికల్లో తప్పేమీ లేదు. కొద్దిగా అటూఇటూ అయినా ఫరవాలేదు. మరీ తేడా వస్తే ఆ యాప్ తీసేసి ఇంకోటి వేసుకోండి.