ముందు తూచు, తరువాత రాయి

చిరంజీవి అబ్బాయికి,

ఒంగోలు నుంచి పంపిన నీ వ్యాసం అందింది. మీ నాయనమ్మ కొంగుముడిలో కాణీలు దాచుకునేదన్న వాక్యం బాగుంది. మూడో పేరా దగ్గర మాత్రం ఒళ్లు మండింది. ‘1906 నాటి కాణీని చింతపండుతో తోమితే తళతళలాడింది, ఇది చాలా అరుదైన రకం’ అంటావా? ఎందుకు తోమావు నాయనా! నూరేళ్లకు పైగా పట్టిన ఆ గోధుమరంగు పొర పోతే మళ్లీ రాదు. పైగా, అరుదని నీకెవరు చెప్పారు? వ్యాసమంతా వెతికినా దాని బరువు లేదు.

ఎడ్వర్డ్ రాజు బొమ్మతో 1906లో కాణీ, అంటే పావు అణా, రాగిలోనూ వచ్చింది, కంచులోనూ వచ్చింది. రాగిది 6.48 గ్రాములు, కంచుది 4.86. ఎంత అరిగినా ఆ తేడా త్రాసుకు తెలిసిపోతుంది, కంటికి తెలియదు. ఇక ఈస్టిండియా కంపెనీవారి 1835 పావు అణా సంగతి. ఆ సంవత్సరాన్ని మార్చకుండానే ఏళ్ల తరబడి ముద్రించారు, కాబట్టి ‘1835 నాణెం’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఆకుల దండ పైకొసల్లో ఒక్కో ఆకే ఉందా, జంట ఆకులున్నాయా? కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడు. అరిగిన ఆకు కూడా సన్నని నీడగా తేలుతుంది. చూసింది చూసినట్టు రాయి. నాణేల మీద రాసేవాడికి అంతకు మించిన విద్య లేదు.

కుర్రతనంలో నెల్లూరులో రాగి సామాను తూకానికి కొనే కొట్టు దగ్గర, కరగడానికి పోయే కుప్పలో కాణీలు ఏరేవాణ్ణి. త్రాసు కొనే స్తోమత లేదు. కంసాలి పని ముగిసేదాకా ఆయన అరుగు మీద కాచుకుని ఉండి తూయించుకునేవాణ్ణి. అలా రాసిన తొలి వ్యాసంలో ఒక సంపాదకుడు బరువులూ కొలతలూ కొట్టేసి ‘లక్షలు పలికే నాణెం’ అని శీర్షిక పెట్టాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇలాంటి రాతలు చదివే జనం 1818 అని వేసిన శ్రీరామ పట్టాభిషేకం బిళ్లలను కంపెనీ డబ్బనుకుని వేలు పోసి కొంటున్నారు. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ వేయలేదు. నీ చివరి పేజీలోనూ అది ఉంది. తీసెయ్యి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఏదైనా నగల కొట్టులో ఆ కాణీని తూయించు. కాగితం కింద పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తియ్యి. మూడో పేరా తిరగరాసి, ఆ అచ్చుతో కలిపి నాకు పంపు. మిగతా కాణీల జోలికి చింతపండు పోనివ్వకు.

ఆశీస్సులతో.